920 దగ్గర ఆగిన ఇథనాల్: బందరులో ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు, శనివారం

పన్నెండో తరగతి కెమిస్ట్రీ ప్రాజెక్టు కోసం నేను తీసుకున్నది ఇదీ: మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్, బ్యుటనాల్ అనే నాలుగు ఆల్కహాల్స్‌నీ విడివిడిగా దీపాల్లో పోసి కాల్చి, ఆ మంటతో నీళ్లు కాచి, ఏది ఎంత వేడి ఇస్తుందో లెక్కగట్టడం. వినడానికి చాలా తేలిక. స్పిరిట్ దీపం, నీళ్లు, థర్మామీటర్, త్రాసు ఉంటే చాలు. దీపాన్ని వెలిగించకముందు తూచాలి, ఆర్పాక తూచాలి, ఎంత తగ్గితే అంత ఇంధనం కాలినట్టు. నీళ్ల బరువుని 4.18తోనూ (గ్రాము నీళ్లు ఒక డిగ్రీ ఎక్కడానికి పట్టే జౌల్స్), ఎక్కిన డిగ్రీలతోనూ గుణిస్తే నీళ్లలోకి చేరిన వేడి జౌల్స్‌లో వస్తుంది.

ఇదే ప్రాజెక్టు ఇంతకుముందు చేసిన ఒక సీనియర్ రికార్డు నా చేతికొచ్చింది. అందులో ఇథనాల్‌కి మోల్‌కి (మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత) 1367 కిలోజౌల్స్ అని రాసి ఉంది. పుస్తకంలో ఉన్న విలువ కూడా 1367. ఒక్క అంకె తేడా లేదు. పుస్తకం విలువ కోసం బాంబ్ కెలోరీమీటర్ అనే మందపాటి స్టీలు పాత్రలో, ఒత్తిడితో నింపిన స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో కాలుస్తారు, పుట్టిన వేడంతా చుట్టూ ఉన్న నీళ్లలోకే వెళ్తుంది, బయటికి పోయే దారే ఉండదు. గాజు బీకరు కింద వత్తి దీపం పెట్టి అదే విలువ తెచ్చారంటే నాకు నమ్మకం కుదరలేదు. నా దీపం ఎంత చెప్తే అంతే రాయాలని డైరీ మొదటి పేజీలోనే రాసిపెట్టుకున్నాను.

సరుకు సంగతి. ఇథనాల్ ఎవరికి పడితే వాళ్లకి అమ్మరు, ఎక్సైజ్ అనుమతి కావాలి. స్కూలు ల్యాబ్‌లో ఉన్న సీసాలోంచి మేడమ్ 100 మిల్లీలీటర్లు కొలిచి, తాతయ్యతో సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చారు. ప్రొపనాల్, బ్యుటనాల్ విజయవాడ నుంచి తెప్పించాలి, మండే సరుకు బస్సులో ఎక్కించకూడదు కాబట్టి మావయ్య బండి మీద తెస్తానన్నాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రం మా వీధి చివర సెల్‌ఫోన్ రిపేరు షాపులోనే దొరికింది, వాళ్లు దాంతో బోర్డులు తుడుస్తారు. అనుకోకుండా ఐదోది చేతికొచ్చింది.

మిథనాల్ ఇంటికి ఇవ్వనని మేడమ్ ఖచ్చితంగా చెప్పేశారు. ల్యాబ్‌లో, ఆవిడ పక్కన ఉన్నప్పుడు మాత్రమే. ఆవిడ చెప్పింది నిజమే. అది ఒంట్లోకి పోతే ఫార్మిక్ యాసిడ్‌గా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, కల్తీ సారా తాగి చూపు పోగొట్టుకున్న చాలామంది విషయంలో జరిగింది ఇదే. పైగా దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోయబోతే ప్రాణం మీదికొస్తుంది.

రెండో రోజు, ఆదివారం

మొదటి ప్రయత్నం పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే చేశాను. ట్రైపాడ్, దాని మీద వైర్ గాజ్ అనే తీగల వల, దాని మీద గాజు బీకరు, అందులో 150 గ్రాముల నీళ్లు. కింద ఇథనాల్ దీపం. ఇంట్లో కూరగాయలు తూచే త్రాసు ఒక గ్రాము లోపు తేడా చూపించదు, అది పనికిరాదని పది నిమిషాల్లోనే తేలిపోయింది.

అప్పుడు తాతయ్య తన త్రాసు తెచ్చి ఇచ్చాడు. తాతయ్య చిలకలపూడిలో నలభై ఏళ్లు రోల్డ్ గోల్డ్ నగల పని చేశాడు. రాగి, ఇత్తడి, టంకం, మంట, వీటి మధ్యే బతికిన మనిషి. ఆ చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు 10 మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. "మా నాన్న కాలంలో గురివింద గింజలు పెట్టి తూచేవాళ్లు అమ్మడూ, ఒక్కో గింజ ఇంచుమించు 0.12 గ్రాములు" అన్నాడు. నేను కాల్చబోయేది అర గ్రాము, ముప్పావు గ్రాము. అంటే నా ప్రయోగం మొత్తం ఐదారు గురివింద గింజల ఎత్తు మీద నడుస్తుందన్నమాట. అప్పటిదాకా నాకు ఆ కొలత ఎంత చిన్నదో తట్టలేదు.

ఫలితం: నీళ్లు 20 డిగ్రీలు ఎక్కడానికి 1.21 గ్రాముల ఇథనాల్ కాలింది. నీళ్లలోకి చేరింది 12.54 కిలోజౌల్స్. గ్రాముకి 10.4. మోల్‌కి, అంటే 46 గ్రాముల ఇథనాల్‌కి, 477. పుస్తకం 1367 అంటుంటే నాకు మూడో వంతు వచ్చింది, మిగతా రెండు వంతులు ఎటో పోయాయి.

తాతయ్య వాకిట్లో కుర్చీలో కూర్చుని మొత్తం చూశాడు. నేను లెక్క చెప్పాక లేచి వచ్చి, మంట మీద అరచెయ్యి అడ్డంగా కాస్త ఎత్తులో పెట్టి, బీకరు పక్కల చుట్టూ తిప్పాడు. "వేడి ఇక్కడ్నుంచి పోతోంది, ఇక్కడ్నుంచి కూడా. ఆ వల తాగేస్తోంది సగం. గాజు వేడిని సరిగా లోపలికి పోనివ్వదు. సముద్రం గాలి మంటని పక్కకి తోసేస్తోంది" అన్నాడు. బందరులో సాయంత్రం నాలుగు దాటితే గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు. నేను తలుపు తీసిపెట్టుకుని చేశాను.

బుధవారం

స్కూలు నుంచి వచ్చేసరికి తాతయ్య రాగి చెంబు చేసి పెట్టాడు. కొన్నది కాదు, రేకు కత్తిరించి, చుట్టి, అడుగు అతికించాడు. మామూలు తగరపు టంకం నేరుగా మంట తగిలితే జారిపోవచ్చని వెండి టంకం వేశాడట. అడుగు పల్చగా, వెడల్పుగా ఉంది. బరువు 84 గ్రాములు.

ఆ 84 గ్రాములూ లెక్కలోకి రావాలి, ఎందుకంటే నీళ్లతో పాటు చెంబు కూడా వేడెక్కుతుంది. రాగి గ్రాముకి డిగ్రీకి 0.385 జౌల్స్ తీసుకుంటుంది, అంటే చెంబు వాటా డిగ్రీకి 32. నీళ్ల వాటా 627. మొత్తం 659. అదే బరువున్న అల్యూమినియం గిన్నె అయితే వాటా రెండింతలు దాటేది.

గాలికి అడ్డంగా పదిహేను కిలోల నూనె డబ్బా పైనా కిందా కోసి నిలబెట్టాం. కింద గాలి రావడానికి చుట్టూ మేకుతో బెజ్జాలు కొట్టాం. మంటకి గాలి అందకపోతే అది మరో తలనొప్పి. వైర్ గాజ్ తీసేశాం, చెంబుని మూడు తీగలతో వేలాడదీశాం. వత్తి కొసకి, చెంబు అడుగుకి మధ్య మూడు సెంటీమీటర్లు, ప్రతిసారీ స్కేలు పెట్టి చూసి.

ఇథనాల్: 20 డిగ్రీలకి 0.74 గ్రాములు. మోల్‌కి 820. మూడు రోజుల్లో 477 నుంచి 820కి! రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా అదే చెప్తున్నానని అమ్మ విసుక్కుంది.

శనివారం

ఈరోజు పొద్దున్నంతా త్రాసు దగ్గరే గడిచింది, దీపం వెలిగించిందే తక్కువ.

దీపం మూత తీసి త్రాసు మీద పెడితే అంకె ఆగట్లేదు. 0.01 తగ్గింది. కాసేపటికి ఇంకో 0.01. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా, మంట లేదు, ఏమీ లేదు, వత్తిలోంచి ఇథనాల్ అలా గాల్లోకి లేచిపోతోంది. బ్యుటనాల్ దీపం పెట్టి చూస్తే అంకె కదల్లేదు, 118 డిగ్రీల దగ్గర మరిగేది ఊరికే ఆవిరవదు కదా. అంటే మూత లేకుండా తూస్తే తేలికపాటి ఆల్కహాల్స్‌కి ఎక్కువ ఇంధనం కాలినట్టు, బరువైనవాటికి తక్కువ కాలినట్టు తప్పుడు లెక్క వస్తుంది. పోల్చడానికే కూర్చున్నప్పుడు ఇంతకంటే చెడ్డ తప్పు ఉండదు. ఇక నుంచి మూత పెట్టే తూచాలి, వెలిగించే క్షణం దాకా మూత తీయకూడదు, ఆర్పడమూ మూతతోనే. ఆర్పాక దీపం చల్లారేదాకా ఆగాలి, వేడి దీపం మీద గాలి పైకి లేస్తూ పళ్లేన్ని తేలిక చేసి చూపిస్తుంది.

ఇంకో పొరపాటు కూడా నాదే. ప్రొపనాల్‌కి అదే దీపం కడిగి వాడాను, వత్తి మార్చలేదు. వత్తి పీల్చుకున్న ఇథనాల్ అందులోనే ఉంది. ఆ మూడు రీడింగులు కొట్టేశాను. ఇప్పుడు ఒక్కో ఆల్కహాల్‌కి ఒక్కో దీపం, ఒక్కో వత్తి, సీసా మీద పేరు రాసిన ప్లాస్టర్.

మధ్యాహ్నం అసలు గొడవ. వేడి నీళ్లు చుట్టుపక్కల గాలికి వేడి పోగొట్టుకుంటాయి కాబట్టి, గది వేడి కంటే పది డిగ్రీలు తక్కువలో మొదలుపెట్టి పది ఎక్కువలో ఆపితే, ముందు వచ్చింది తర్వాత పోయింది సరిపోతాయని చదివాను. రమ్‌ఫర్డ్ అనే ఆయన పాత పద్ధతి. ఫ్రిజ్ నీళ్లు కలిపి 18 డిగ్రీలకి తెచ్చి చెంబులో పోశాను. దీపం వెలిగించకముందే చెంబు చుట్టూ చెమట పట్టేసింది. మన కోస్తా గాలిలో ఉన్న తేమంతా చల్లటి రాగి మీద నీళ్లయి కూర్చుంటోంది, అలా నీళ్లవుతూ చెంబుకి వేడి ఇస్తోంది. చలి దేశంలో పొడి గాలిలో బాగా పనిచేసే పద్ధతి బందరులో పనిచెయ్యలేదు.

సరే అని గది వేడిలోనే, 28 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాను. ఇప్పుడు చెమట పట్టకూడదు. కానీ దీపం పెట్టిన పది సెకన్లకి చెంబు అడుగున మసకగా పొగమంచులా కమ్మింది, తర్వాత చిన్న చిన్న బొట్లు. తాతయ్య ముఖం మారిపోయింది. టంకం కారుతోందనుకున్నాడు. చెంబు దింపి, గుడ్డతో తుడిచి, నీళ్లు నింపి కాగితం మీద పావుగంట పెట్టాడు. కాగితం పొడిగానే ఉంది. మళ్లీ మంట పెడితే మళ్లీ మసక. నీళ్లు 35 దాటి, రాగి బాగా వేడెక్కాక అదే మాయమైంది.

నాకు అప్పుడు వెలిగింది. అవి చెంబులో నీళ్లు కావు. ఇథనాల్ కాలినప్పుడు పుట్టిన నీళ్లు. సమీకరణంలో ఎన్నిసార్లు రాశానో, ఒక ఇథనాల్‌కి రెండు కార్బన్ డయాక్సైడ్‌లు, మూడు నీళ్లు అని. మంటలోంచి నీళ్లు పుట్టడం కళ్లతో చూడటం మాత్రం ఇదే మొదటిసారి. తాతయ్యకి చెప్తే ఆయన ఒంగి, అడుగున వేలు పెట్టి బొట్టు తీసి, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది చూశాడు. "నలభై ఏళ్లు ఊదుగొట్టంతో మంట ఊదాను, ఇది చూడలేదు" అన్నాడు.

ఇది మా లెక్కకి కూడా పెద్ద విషయమే. పుస్తకం విలువలో ఆ నీళ్లు ద్రవంగా మారినట్టు లెక్క. మా దగ్గర చాలావరకు ఆవిరిగానే పైకి పోతున్నాయి, మోల్ నీటికి 44 కిలోజౌల్స్ చొప్పున వెంటబెట్టుకుని. ఇథనాల్‌కి మూడు మోల్స్, అంటే 132.

ఆదివారం

చెంబుకి మూత, డబ్బా లోపల అల్యూమినియం ఫాయిల్, ఫ్యాను బంద్, తలుపు బంద్. నీళ్లని ఆపకుండా కలుపుతూ 28 నుంచి 48 దాకా. ఒక్కోటి మూడుసార్లు.

ఇథనాల్ 0.66, 0.65, 0.67. సగటు 0.66. మోల్‌కి 920.

ప్రొపనాల్ సగటు 0.60, మోల్‌కి 1320. బ్యుటనాల్ 0.59, మోల్‌కి 1656. ఐసోప్రొపైల్ 0.61, మోల్‌కి 1299.

పుస్తకంలో మామూలు ప్రొపనాల్‌కి 2021, ఐసోప్రొపైల్‌కి 2006. రెండూ ఐసోమర్లు, అంటే పరమాణువులు అవే, అమరిక వేరు. నాకూ రెండోది తక్కువే వచ్చింది కదా అని సంతోషపడి రికార్డులో రాయబోయాను, "రెండు ఐసోమర్ల మధ్య తేడా గమనించాం" అని. తర్వాత ఆలోచిస్తే, త్రాసు చూపించే అతిచిన్న మెట్టే 0.01. రెండుసార్లు తూస్తాను, రెండు చోట్లా అంత తేడా రావచ్చు. 0.6లో 0.02 అంటే మూడు శాతం. పుస్తకంలో ఆ రెంటి మధ్య తేడా ఒక శాతం కూడా లేదు. అంటే నేను "గమనించింది" ఏమీ లేదు. ఆ వాక్యం కొట్టేసి, మా త్రాసుతో ఆ రెంటినీ వేరు చెయ్యలేం అని రాశాను.

మంగళవారం, స్కూలు ల్యాబ్

చెంబు, డబ్బా, త్రాసు అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లాను. మేడమ్ కళ్లజోడు పెట్టించారు, పక్కన తడి గుడ్డ పెట్టారు, కిటికీ పరదాలు వేయించారు. పరదా వేశాక కనిపించింది మిథనాల్ మంట, లేత నీలం, గాజు పొరలా. సగటు 0.88 గ్రాములు. మోల్‌కి 480. పుస్తకం 726.

గురువారం

ఇప్పుడు నాలుగూ వరుసగా: 480, 920, 1320, 1656. మధ్య మెట్లు 440, 400, 336.

పుస్తకంలో 726, 1367, 2021, 2676. మెట్లు 641, 654, 655. దాదాపు ఒకే ఎత్తు. అలా ఉండటానికి కారణముంది. ఒక్కో ఆల్కహాల్‌కి ముందుదాని కంటే ఒక కార్బన్, రెండు హైడ్రోజన్‌లు ఎక్కువ. ఆ ముక్క కాలాలంటే రెండు కార్బన్-హైడ్రోజన్ బంధాలు, ఒక కార్బన్-కార్బన్ బంధం, ఒకటిన్నర ఆక్సిజన్ అణువులు తెగాలి, దానికి ఖర్చయ్యే కిలోజౌల్స్ 826, 347, 747, మొత్తం 1920. వేడి ఇస్తూ తయారయ్యేవి కార్బన్ డయాక్సైడ్‌లో రెండు జంట బంధాలు 1610, నీటిలో రెండు బంధాలు 926, మొత్తం 2536. తేడా 616. ఆ నీళ్లు ద్రవమైతే ఇంకో 44. మొత్తం 660. కాగితం మీద కూడికలు, తీసివేతలతో 655కి ఇంత దగ్గరగా రావడం చూసి మళ్లీ ఒకసారి మొదట్నుంచి వేసి చూసుకున్నాను.

నా గ్రాఫు మాత్రం పైకి వెళ్లేకొద్దీ వంగిపోతోంది. అన్నిట్లోనూ మూడో వంతు వేడి పోతే గ్రాఫు కిందికి దిగాలి గానీ వంగకూడదు. బ్యుటనాల్‌కి ఏదో ప్రత్యేకంగా జరుగుతోంది.

తాతయ్య గ్రాఫు చూడలేదు, చెంబు అడుగు చూశాడు. నల్లగా మసి. "మసి అంటే కాలని సరుకు. పసుపు మంట ఎప్పుడూ అంతే. వత్తి ఎక్కువ బయటికి పెట్టావు, అది తాగినంత గాలి దొరకట్లేదు." కత్తెర తీసుకుని వత్తిని గొట్టం అంచు దాకా కత్తిరించి, పోగులు కాస్త వదులు చేశాడు. మంట చిన్నదైంది, మొదలు నీలంగా, కొస మాత్రం పసుపు.

చెంబుని చింతపండుతో తోమాను. మసి పట్టిన అడుగు, మెరిసే అడుగు వేడిని ఒకేలా తీసుకోవు, అందుకని ఇక మీదట ప్రతి రీడింగుకి ముందు తోమడమే.

శనివారం నుంచి సోమవారం దాకా

చిన్న వత్తితో బ్యుటనాల్ సగటు 0.56. మోల్‌కి 1745. 1656 నుంచి 1745! ఆరు నిమిషాలు పట్టేది తొమ్మిది పట్టింది, ఆ మూడు నిమిషాల్లో చెంబు ఇంకొంత వేడి పోగొట్టుకుంటుంది, అయినా పెరిగింది. అంటే మసి తిన్న వాటా చిన్నదేం కాదు.

ఒక్కదానికే వత్తి మార్చి మిగతావాటిని వదిలేస్తే అన్యాయం. అన్నీ మళ్లీ చేశాను. ఇథనాల్ మారలేదు, 0.66. ప్రొపనాల్ 0.59కి దిగి 1343 అయింది. మిథనాల్ కోసం సోమవారం మేడమ్‌ని బతిమాలి మళ్లీ ల్యాబ్‌లో కూర్చున్నాను, అదీ మారలేదు, 0.88. మొదటి నుంచీ మసి లేనివి మారకపోవడం, మసి ఉన్నవి మారడం, ఇదే నాకు అన్నిటికంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

480, 920, 1343, 1745. మెట్లు 440, 423, 402. ఇంకా కాస్త వంపు ఉంది, కానీ స్కేలు పెడితే చుక్కలన్నీ దాని పక్కనే నిలబడుతున్నాయి.

సోమవారం రాత్రి

మావయ్య వచ్చాడు. బండిలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోయిస్తున్నాడు, 2023 ఫిబ్రవరి నుంచి అమ్మకంలోకి వచ్చింది అది. "నీ లెక్క ప్రకారం నాకు నష్టమెంత?" అని అడిగాడు. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌల్స్, లీటరు ఇథనాల్‌లో సుమారు 21. నాలుగు వంతులు అది, ఒక వంతు ఇది కలిపితే 29.8. వేడి లెక్కన లీటరుకి ఏడు శాతం తక్కువ. మైలేజీ ఇంజన్ మీద కూడా ఆధారపడుతుంది, సరిగ్గా అంతే తగ్గుతుందని చెప్పలేను. అదీ చెప్పాను. ఉయ్యూరు దాటేటప్పుడు చక్కెర ఫ్యాక్టరీ దగ్గర వచ్చే మడ్డి (చక్కెర తీశాక మిగిలే పాకం) వాసన తెలుసు కదా, ఇథనాల్ ఆ మడ్డి నుంచి కూడా తీస్తారని చెప్తే చాలాసేపు దాని గురించే మాట్లాడాడు.

తాతయ్య ప్రశ్న వేరే. "మోల్ సంగతి వదిలెయ్, తూకానికి ఏది ఎక్కువ కాలుతుంది?" మోల్ అంటే ఒకే లెక్కన పూసలు, ఒక్కో పూస బరువు వేరు, అందుకే మోల్‌లో తేడా అంత పెద్దగా కనిపిస్తుంది అని చెప్పాను. గ్రాము లెక్కన పుస్తకంలో 22.7, 29.7, 33.6, 36.1. పైకి వెళ్లేకొద్దీ తేడా తగ్గుతోంది. ఎందుకంటే ఆల్కహాల్‌లో ఉన్న ఆక్సిజన్ కాలదు, బరువు మాత్రం తూగుతుంది. మిథనాల్ బరువులో సగం ఆక్సిజనే. కాలే సరుకు, అంటే కార్బన్, హైడ్రోజన్ కలిపి, మిథనాల్‌లో 50 శాతం, ఇథనాల్‌లో 65, ప్రొపనాల్‌లో 73, బ్యుటనాల్‌లో 78.

తాతయ్య వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. "అయితే మిథనాల్ పన్నెండు క్యారెట్లు. ఇథనాల్ పదిహేనున్నర పైన. బ్యుటనాల్ పద్దెనిమిదిన్నర పైన."

నేను 24తో గుణించి చూశాను. 12, 15.7, 17.6, 18.8. ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. రికార్డులో ఒక కాలమ్ "కాలే సరుకు, క్యారెట్లలో" అని గీశాను. మేడమ్ ఏమంటారో గానీ, అది ఉండాల్సిందే.

బుధవారం

వేడి ఎటు పోయిందో ఇథనాల్‌కి లెక్క తేల్చాలని కూర్చున్నాను.

దీపం తీసేసి 48 డిగ్రీల చెంబుని వదిలేస్తే నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ తగ్గింది. కాచేటప్పుడు సగటున దాంట్లో సగం వేగంతో పోతుందనుకుంటే, ఆరు నిమిషాల్లో ముప్పావు డిగ్రీ. మోల్ లెక్కన 35 కిలోజౌల్స్. ఆవిరి వెంట పోయేది గరిష్ఠంగా 132, మొదట్లో అడుగున పట్టిన మసక అంత మళ్లీ దక్కింది కానీ అది కొంచెమే. నీళ్లలోకి చేరింది 920. మొత్తం 1087. ఇంకా 280 మిగిలింది. అది చెంబు పక్కల నుంచి పైకి పోయే వేడి గాలిది, డబ్బా రేకుది.

చెంబుకి జానెడు పైన చెయ్యి పెట్టి చూశాను. ఎక్కువసేపు ఉంచలేకపోయాను.

క్లాసులో ఇద్దరు ముగ్గురు అడిగారు, 920 రాస్తే మార్కులు పోతాయి కదా, 1350 దగ్గర ఏదో ఒకటి రాసెయ్యొచ్చు కదా అని. రాయను. 1350 రాస్తే ఆ 280 గురించి నేను ఏం చెప్పను? చెంబు అడుగున పట్టిన నీళ్ల గురించి, కత్తిరించిన వత్తి గురించి ఏం చెప్పను? మేడమ్‌కి పేజీ చూపించాను. ఆవిడ 477, 820, 920 మూడింటి పక్కన పెన్సిల్‌తో గీత గీసి, "వైవాలో నిన్ను ఇదే అడగమంటాను" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ పేజీ ఫెయిర్ రికార్డులో సిరాతో రాసేశాను.

శనివారం

పొద్దున లేచేసరికి తాతయ్య వరండా గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీస్తున్నాడు. చెంబు అడుగున గంట ఆకారంలో మూత, మంట అందులోకి. అక్కడ్నుంచి సన్న రాగి గొట్టం చెంబు లోపలే, నీళ్లలో మూడు చుట్లు తిరిగి పైనుంచి బయటికి. పైకి పోయే వేడి గాలి నీళ్లలోంచి దారి చేసుకునే పోవాలన్నమాట. నేను బుధవారం చెయ్యి పెట్టి చూసినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు.

గొట్టం ఏసీ మెకానిక్ దగ్గర పాతది తెచ్చాడు. పైనుంచి గాలి లాగకపోతే మంట ఊపిరాడక ఆరిపోతుంది, దానికి ఏం వాడాలో ఇంకా తేలలేదు. మావయ్య పాత అక్వేరియం మోటారు ఒకటి ఉందన్నాడు, అది ఊదుతుంది గానీ లాగదు, విప్పి తిప్పి బిగించాలి.

ముందు గొట్టం తూచాను. 140 గ్రాములు. డిగ్రీకి 54 జౌల్స్ వాటా. 659కి అది కలిపి డైరీలో రాసుకున్నాను, 713. ఇథనాల్ దీపానికి కొత్త వత్తి వేసి, గొట్టం అంచు దాకా కత్తిరించి పెట్టాను. తాతయ్య కుంపటి రాజేస్తున్నాడు.